అప్‌డేట్: హుడ్‌హుడ్ ఒకే కథా అని అడిగాను కదా

ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావో తెగవాళ్లు పాడే హుడ్‌హుడ్ అనే కథాగానం మన రామాయణంలా ఒకే పెద్ద కథేనా అని పోయిన నెల అడిగాను. కాదు. 200కు పైగా కథలున్నాయి, ఒక్కోదాంట్లో దాదాపు 40 ఘట్టాలు. పూర్తిగా పాడాలంటే రోజులు పడుతుంది.

"చదవడం కాదు, ముందు విను" అన్నారొకరు. విన్నాను. ఒక పెద్దావిడ ఎత్తుకుంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. చరణాలన్నిటికీ ఒకటే వరస! వరినాట్లలో మన ఆడవాళ్లు పాడుకునే తీరే గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది. ఇఫుగావో వాళ్లు విత్తేటప్పుడు, కోతలప్పుడు, చావింట జాగారంలోనూ పాడతారు.

వాటిలో అలిగుయోన్ అనే వీరుడి కథ నాకు బాగా పట్టేసింది. పుంబఖయోన్ అనే శత్రువీరుడితో మూడేళ్లు పోరాడతాడు, ఇద్దరిలో ఎవరూ ఓడరు. చివరికి ఒకరి చెల్లెల్ని ఒకరు పెళ్లాడి వియ్యమందుతారు. మన కుండమార్పిడి పెళ్లే కదా ఇది!

దిగులు కలిగించిందేమిటంటే, కోతలకు యంత్రాలొచ్చాక పాడే సందర్భాలు తగ్గిపోయాయి. కథలన్నీ నోటికి వచ్చినవాళ్లు కొద్దిమందే, వాళ్లూ బాగా పెద్దవాళ్లు. 2001లో యునెస్కో గుర్తించింది, పిల్లలకు నేర్పిస్తున్నారు కూడా. అయినా పొలంలో పుట్టిన పాటను గదిలో కూర్చోబెట్టి నేర్పితే ఆ ఊపు వస్తుందా అని నా బెంగ.

సమాధానాలిచ్చిన అందరికీ దండాలు. ఇప్పుడు అలిగుయోన్ కథ మొత్తం పాడిన రికార్డింగ్ కోసం వెతుకుతున్నాను.