అప్‌డేట్: ‘కాఫ్కా’ సినిమాలో జీవితం ఎంత, కల్పన ఎంత?

స్టీవెన్ సోడర్‌బర్గ్ 1991లో తీసిన ‘కాఫ్కా’లో ఏది రచయిత ఫ్రాంజ్ కాఫ్కా జీవితం, ఏది ఆయన కథల్లోంచి వచ్చింది అని ఇక్కడ అడిగాను. ముందు కథలు చదివి, ఆ తర్వాత సినిమా మళ్లీ చూడమని కొందరు చెప్పారు. అలాగే చేశాను. చెప్పినవారికి కృతజ్ఞతలు.

ఉద్యోగం నిజమే. ప్రాగ్‌లోని కార్మికుల ప్రమాద బీమా సంస్థలో కాఫ్కా 1908 నుంచి 1922 వరకు పనిచేశారు. క్షయ, తండ్రికి రాసిన ఉత్తరం కూడా నిజమే. సినిమాలోని హత్యలు, విలన్ డాక్టర్ ముర్నౌ ప్రయోగాలు కల్పన.

నన్ను కట్టిపడేసినవి పేర్లు. సినిమాలో చనిపోయిన సహోద్యోగి పేరు ఎడ్వర్డ్ రాబన్. కాఫ్కా తొలినాళ్లలో మొదలుపెట్టి పూర్తిచేయని ఒక కథలో నాయకుడు అతడే! ఇన్‌స్పెక్టర్ గ్రూబాక్ పేరేమో కాఫ్కా నవల ‘ద ట్రయల్’లో నాయకుడికి గది అద్దెకిచ్చిన ఆవిడది. ఆఫీసులో కాఫ్కాకు అంటగట్టిన కవలలను చూడగానే ఆయన మరో నవల ‘ద కాజిల్’లోని సహాయకుల జంట గుర్తొచ్చింది.

నలుపు తెలుపుల్లో నడిచే సినిమా, కాఫ్కా కోటలోకి చేరాక రంగుల్లోకి మారుతుంది. చూడడానికి అద్భుతంగా ఉంది. కానీ అక్కడ ఒక విలన్ ఎదురుపడి అంతా విడమరచి చెప్పడం నాకు నచ్చలేదు. కాఫ్కా నవలల్లో అధికారం ఎప్పుడూ తన ముఖం చూపదు, కారణం చెప్పదు. ఆ భయమే వేరు. కాఫ్కాగా నటించిన జెరెమీ ఐరన్స్ బెదురు చూపుల్లో మాత్రం ఆ భయం నూటికి నూరుపాళ్లు ఉంది.

సోడర్‌బర్గ్ దీన్నే మళ్లీ ఎడిట్ చేసి 2021లో ‘మిస్టర్ నెఫ్’గా ప్రదర్శించారట. ఎవరైనా చూసి ఉంటే, అందులో కోట ఘట్టం ఎలా ఉందో చెప్పండి.