భద్రతా చట్టాలకు గడువు పెడితే పౌరహక్కులకు రక్షణ దొరుకుతుందా?

ప్రశ్న:
ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడానికి ప్రభుత్వానికి అసాధారణ అధికారాలు ఇవ్వక తప్పదనీ, అయితే వాటికి గడువు పెట్టాలనీ కొందరు వాదిస్తారు. గడువు తీరాక చట్టసభ మళ్లీ చర్చించి పొడిగిస్తేనే చట్టం బతుకుతుంది కాబట్టి, దుర్వినియోగానికి ఇదే తగిన కళ్లెమని నాకూ అనిపించింది. ఆచరణలో ఇది ఎంతవరకు పనిచేసింది?

సమాధానం 1:
పొడిగింపు అలవాటుగా మారిన సందర్భాలే ఎక్కువ. 1974 నవంబరులో బర్మింగ్‌హామ్‌లో బాంబులు పేలిన కొద్ది రోజులకే బ్రిటన్ తెచ్చిన ఉగ్రవాద నిరోధక చట్టం తాత్కాలికమనే చెప్పారు. అది మార్పులతో, పొడిగింపులతో నడిచి నడిచి, చివరకు 2000లో చేసిన శాశ్వత చట్టానికి చోటిచ్చింది. మన దేశంలో రెండేళ్ల కోసమని 1985లో వచ్చిన టాడా 1995 దాకా కొనసాగింది. మూడేళ్ల గడువుతో 2002లో వచ్చిన పోటాను 2004లోనే రద్దు చేసినా, అదే ఏడాది దాని నిబంధనలను 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా)లో చేర్చారు. ఉపాకు గడువే లేదు.

సమాధానం 2:
పై సమాధానానికి చిన్న సవరణ. పోటా మొత్తం ఉపాలోకి రాలేదు. పోలీసు అధికారి ఎదుట ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లుతుందన్న నిబంధనను వదిలేశారు. బెయిలుపై కఠినమైన ఆంక్షలు 2008 సవరణతో వచ్చాయి.

నా దృష్టిలో అసలు చిక్కు ఆ ఆంక్షల దగ్గరే ఉంది. ఉపాలోని సెక్షన్ 43డి(5) ప్రకారం, కేసు డైరీనో అభియోగపత్రాన్నో చూసి ఆరోపణ ప్రాథమికంగా నిజమని నమ్మడానికి ఆధారాలున్నాయని కోర్టు భావిస్తే బెయిలు ఇవ్వకూడదు. ఈ దశలో సాక్ష్యాలను లోతుగా తూచరాదని 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పోలీసులు రాసిన కాగితాలను పోలీసుల కాగితాలతోనే సరిచూసుకోవాలి! పైగా దర్యాప్తు గడువును 180 రోజుల దాకా పెంచుకునే వీలుంది. చివరకు నిర్దోషిగా తేలినా, జైల్లో గడిచిన ఏళ్లు తిరిగిరావు. 2021లో నజీబ్ కేసులో మాత్రం, విచారణ సకాలంలో ముగిసే అవకాశం లేనప్పుడు ప్రాథమిక హక్కుల ఉల్లంఘన కారణంగా బెయిలిచ్చే అధికారాన్ని ఈ సెక్షన్ రాజ్యాంగ న్యాయస్థానాల (హైకోర్టులు, సుప్రీంకోర్టు) నుంచి తీసివేయలేదని అదే కోర్టు స్పష్టం చేసింది. కానీ ఆ ఊరట ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాక అందేది. నజీబ్ అప్పటికే ఐదేళ్లకు పైగా నిర్బంధంలో ఉన్నారు.

సమాధానం 3:
బెయిలు గురించి చెప్పినదానితో ఏకీభవిస్తాను. అయితే గడువు బొత్తిగా నిష్ప్రయోజనమని అనలేను. అమెరికాలో ఉగ్రవాద నిరోధానికి తెచ్చిన పేట్రియాట్ చట్టంలోని 215వ సెక్షన్ చాటున కోట్లాది ఫోన్ కాల్ వివరాలను మూకుమ్మడిగా సేకరిస్తున్నారని అక్కడి నిఘా సంస్థలో కాంట్రాక్టు ఉద్యోగిగా పనిచేసిన స్నోడెన్ 2013లో బయటపెట్టారు. ఆ సెక్షన్ గడువు 2015 జూన్ 1న ముగియవలసి ఉండటంతో చట్టసభ దానిపై చర్చను తప్పించుకోలేకపోయింది. మరునాడే వచ్చిన కొత్త చట్టం ఆ మూకుమ్మడి సేకరణను నిలిపివేసింది. అదే సెక్షన్‌ను 2011లో పొడిగించినప్పుడు అసలు సంగతి ప్రజలకు తెలియదు. కాబట్టి పొడిగింపు కోరే ప్రభుత్వం, ఎందరిని అరెస్టు చేసిందో, ఎందరికి శిక్ష పడిందో, విచారణ ఖైదీలుగా ఎన్నేళ్లు గడిచాయో ముందుగా సభ ముందు పెట్టాలన్న షరతు ఆ గడువు నిబంధనలోనే ఉండాలి.