అప్‌డేట్: 'పిల్లను ఆయా పెంచుతోంది' అన్న మా యారాలి సంగతి

దసరాకు ముందు అడిగాను కదా. నేను హన్మకొండలో ఉద్యోగం చేస్తాను, మా పెద్ద యారాలు ఇంట్లోనే ఉంటుంది. చుట్టాలందరి ముందు "దీని పిల్లను ఆయా పెంచుతోంది" అన్నది, ఏం చేయాలి అని. నా జీతం చూసి కుళ్లు అని చాలామంది రాశారు. కుళ్లు కాదని ఇప్పుడు తెలిసింది.

సద్దుల బతుకమ్మ రోజు ఇద్దరం గునుగు పూలను కట్టలు కట్టి రంగులో ముంచుతున్నాం. మోచేతుల దాకా గులాబీ రంగు. అత్తమ్మ పక్కన లేదు కాబట్టి అడిగేశాను, "అక్కా, ఆ మాట ఎందుకన్నవ్?"

కాసేపు పలకలేదు. తర్వాత ఒక్కసారే అంతా కక్కేసింది. "ఇంట్ల అందరికీ నేను ఖాళీ మనిషినే. గ్యాస్ బండి వచ్చినా నేనే, మామయ్య బీపీ గోలీలైనా నేనే. పాలాయనకు పైసలియ్యాలంటే మాత్రం మీ బావ దగ్గర చెయ్యి చాపాలె."

సారీ అయితే చెప్పలేదు. పాప ముందు మాత్రం అలా అనొద్దని గట్టిగానే చెప్పాను, సరేనంది.

2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెట్టేవాళ్లు. మా ఇంట్లో ఆ 97 ఎక్కడున్నాయో! అదే మా ఆయనకు చూపించాను. గోలీలు ఇప్పుడు ఆయనే తెస్తున్నాడు. బావ ఇంకా కదల్లేదు.

ఆయాను మాన్పించమన్నవాళ్లకు: మాన్పించలేదు, మాన్పించను కూడా.