షిఫ్ట్ దిగాక క్వార్టర్ వేసుకుంటే తప్పేంటి?

లూమ్ నంబర్ 9 (విజయనగరం):
టెన్షన్ పోవాలంటే మందు మానేసి రోజూ అరగంట నడవండని వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. జూట్ మిల్లులో ఎనిమిది గంటలు నిలబడి, దుమ్ము మింగి, చెవులు గింగురుమంటుండగా బయటపడినవాడికి వాకింగా! లాకౌట్ ఎప్పుడంటారో తెలీదు, ఫైనాన్స్ వాళ్ళ ఫోన్లు ఆగవు. క్వార్టర్ వేసుకుంటేనే నిద్ర పడుతుంది. కాదనేవాళ్ళు చెప్పండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
వాకింగ్ సంగతి మీరన్నదే నిజం బావా. నిద్ర సంగతి మాత్రం ఒప్పుకోను. మందు త్వరగా పడుకోబెడుతుంది గానీ రాత్రంతా పడుకోనివ్వదు. మత్తు దిగేసరికి మెలకువ, గొంతెండటం, గుండె దడ. పొద్దున్న ఆ దడనే టెన్షన్ అనుకుని సాయంత్రం మళ్ళీ అదే కొట్టుకి వెళ్తాం.

అసలు మనల్ని తేలికపరిచేది సగం మందైతే, సగం పక్కనున్న మనిషి. మూత తియ్యకముందే "ఇవాళ సూపర్‌వైజర్ ఏమన్నాడో విన్నావా" అని మొదలెడతాం కదా! అందుకే ఒంటరిగా యోగా చెయ్యమంటే ఎవరూ చెయ్యరు. మా ఊళ్ళో తప్పెటగుళ్ళ దళం ఉంది. గుండెల మీద రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు, అందరిదీ ఒకే అడుగు. ఊపిరి సలపదు, ఇక అప్పు గుర్తొచ్చేదెక్కడ? సంక్రాంతి ముందు సాధన జరిగినన్నాళ్ళూ మా చిన్నాన్న కొట్టు వైపు పోడు. అడుగు తప్పితే పక్కవాళ్ళు నవ్వుతారని.

కోట జంక్షన్:
మా వైపు ఆట అయ్యాక వేస్తారు అన్నయ్యా 😀

పలాస కోడలు:
జీడిపప్పు బట్టీలో జీడి చమురుకి చేతులు పొక్కిపోయిన మాకు టెన్షన్ లేదా? మేమే కొట్టుకి పోతున్నాం? నలుగురం కూర్చుని తిట్టుకుంటాం, నవ్వుకుంటాం. ఆ క్వార్టర్ డబ్బులు ఇంటికి తెస్తే మా టెన్షన్‌లో సగం అక్కడే తగ్గుతుంది.

స్టాఫ్ నర్స్:
ఒక్క మాట. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ఇది చదివి రేపట్నుంచి బంద్ అని సొంతంగా మానెయ్యకండి. ఒకట్రెండు రోజుల్లోనే వణుకు, చెమటలు, ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనబడొచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. పెద్దాసుపత్రిలో సైకియాట్రీ డాక్టరుకి చూపించుకుని, మందుబిళ్ళలతో మానాలి. అడగడానికి మొహమాటమైతే 14416, టెలీ మానస్. కేంద్రం 2022లో పెట్టింది. రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే, డబ్బులక్కర్లేదు.

లూమ్ నంబర్ 9:
నంబర్ రాసుకున్నాను సిస్టర్. గట్టు బావా, మాది బి షిఫ్ట్, రాత్రి పదింటికి దిగుతాం. ఆ టైముకి బెల్టు షాపు తప్ప ఇంకేం తెరిచి ఉండదు. ఏ దళం సాధన చేస్తుందో ముందు అది చెప్పు.