చేపల ట్యాంకు అద్దానికి పట్టిన పచ్చ చుక్కలు ఊడట్లేదు, ఏ బ్లేడు వాడాలి?

గుంటూరు_గౌరామి:

అందరికీ నమస్కారం. మాది మూడడుగుల ట్యాంకు. 36×15×18 అంగుళాలు, 8 మిల్లీమీటర్ల గాజు. చేపలు రెండు పెర్ల్ గౌరామీలు, ఒక నియాన్ టెట్రాల గుంపు ఉన్నాయి. మొక్కలు అనుబియాస్, జావా ఫెర్న్, కొంచెం వాలిస్నేరియా. అడుగున సన్న ఇసుక. మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే సిలిండర్ లేదు. లైటు పొద్దున ఎనిమిదింటికి వేస్తే సాయంత్రం ఆరింటికి ఆపుతాను.

బాధంతా ముందు అద్దంతోనే. గుండ్రటి పచ్చ చుక్కలు, ఒక్కోటి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. వేలితో తడిమితే గరుగ్గా తగులుతున్నాయి. గోటితో గట్టిగా గీకితే ఊడుతున్నాయి కానీ అద్దమంతా గోటితో ఎక్కడ గీకను? మ్యాగ్నెట్ క్లీనర్ (అద్దానికి లోపలొక ముక్క, బయటొక ముక్క అయస్కాంతంతో అంటుకునేది) వాటి మీంచి జారిపోతోంది తప్ప ఒక్క చుక్క కూడా కదలట్లేదు.

పొడుగు హ్యాండిల్ స్క్రేపర్ ఒకటి కొన్నాను. మొదటిరోజు చాలా బాగా గీకింది. కడిగి గట్టు మీద పెడితే తెల్లారేసరికి అంచంతా ఎర్రగా తుప్పు. దాంతో ఇచ్చిన స్పేర్ బ్లేడ్లదీ అదే తీరు. ఆ తుప్పు బ్లేడు మళ్లీ నీళ్లలో పెట్టాలంటే మనసు రావట్లేదు. కట్టర్ బ్లేడు వాడమని మా తమ్ముడంటాడు, గీతలు పడతాయేమోనని నా భయం. పైగా మూలల్లో సిలికాన్ తెగిందంటే ఇల్లంతా నీళ్లే.

తుప్పు పట్టని బ్లేడు ఏది, ఎలా పట్టుకోవాలి, ఎన్నాళ్లు వాడొచ్చు? ఇంకొకటి, పైన నీళ్లు ఆగే చోట తెల్ల చార కూడా ఉంది. మాది బోరు నీళ్లు. దానికీ ఇదే బ్లేడు సరిపోతుందా?

---

కూకట్‌పల్లి_ఆస్కార్:

గడువైపోయిన ఏటీఎం కార్డు ఉంటే దాంతో గీకి చూడండి. గీతలు పడవు, ఖర్చు లేదు. నేనైతే నా ఐదడుగుల ట్యాంకు మొత్తం దాంతోనే లాగించేస్తున్నా. మరీ మొండిగా ఉంటే ఒక సక్కర్ ఫిష్ వేసేయండి, అద్దం అదే నాకేస్తుంది.

---

సిలికాన్_చెయ్యి:

గౌరామి గారూ, నేను విజయవాడలో గాజు కోసి ట్యాంకులు అంటించే పని చేస్తాను. పాత ట్యాంకులు కొత్తగా చేయడానికి నా దగ్గరికి వస్తుంటాయి. వాటి అద్దాల మీద గీతలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చాలావరకు తప్పించుకోగలిగినవే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, మీరు చెప్పినవి గ్రీన్ స్పాట్ ఆల్గే, అంటే చుక్కల్లా పట్టే పచ్చ నాచు. కొత్త ట్యాంకులో వచ్చే గోధుమరంగు డయాటమ్ పొర గుడ్డతో తుడిస్తే పోతుంది. పచ్చ దుమ్ములా పట్టేదీ స్పాంజికి వదులుతుంది. ఈ చుక్కలు మాత్రం గాజుకు అతుక్కుని పొరమీద పొరగా గట్టిపడతాయి. వాటి కిందికి పదునైన అంచు దూరితే తప్ప లేవవు. కార్డు లేత చుక్కల వరకు బాగానే పనిచేస్తుంది. నెలల తరబడి ఎండిన వాటి దగ్గర కార్డు అంచే ముందు అరిగిపోతుంది.

మీ బ్లేడు తుప్పు పట్టింది కాబట్టి అది కార్బన్ స్టీలుదే అనుకోవచ్చు. అది పదునులో తక్కువేం కాదు, కానీ తడి ఆరకపోతే రాత్రికి రాత్రే అంచు మీద తుప్పు లేస్తుంది. తుప్పు తుడిచేస్తే ఆ అంచు కంటికి నున్నగానే కనిపిస్తుంది. ఫోను కెమెరాను దగ్గరగా పెట్టి జూమ్ చేసి చూడండి, గుంటలు గుంటలుగా తిని ఉంటుంది. అది చుక్క కిందికి దూరదు. దూరట్లేదని మనం గట్టిగా నొక్కుతాం. నొక్కినప్పుడు బ్లేడు వంగి మూల గాజులోకి దిగుతుంది, అక్కడ గీత పడుతుంది. పదునైన బ్లేడుకంటే మొద్దుబారిన బ్లేడే గాజుకు ప్రమాదం. మా పనిలో అందరికీ అనుభవంలో ఉన్న మాట ఇది.

కాబట్టి ప్యాకెట్ మీద స్టెయిన్‌లెస్ అని స్పష్టంగా రాసి ఉన్న సింగిల్ ఎడ్జ్ బ్లేడ్లే తీసుకోండి. అంటే ఒకవైపే పదును ఉండి, రెండోవైపు రేకు మడిచి ఉండేవి. కిటికీ అద్దాల మీద పెయింటు మరకలు గీకడానికి అద్దాలు బిగించేవాళ్లు వాడతారు. హార్డ్‌వేర్ షాపులో అడిగితే చూపిస్తారు. కొనేముందు మీ హోల్డర్‌ తీసుకెళ్లి పెట్టి చూడండి, బ్లేడు వెడల్పులో తేడాలుంటాయి. హోల్డర్‌లో బ్లేడు కదలకుండా బిగుసుకోవాలి. కొంచెం లూజుగా ఉన్నా గీకేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది, మళ్లీ మూల దిగే సమస్యే.

కొత్త బ్లేడు మీద సన్నటి నూనె పూత ఉండొచ్చు. అది నీళ్లలోకి వెళ్లకూడదు. వేడి నీళ్లతో కడిగి, సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, మళ్లీ మంచి నీళ్లతో కడగండి. తుడిచేటప్పుడు దూదిని వెన్ను వైపు నుంచి అంచు వైపుకి లాగండి, అడ్డంగా లాగితే వేలు తెగుతుంది. దూది పోగు అంచుకు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ నొక్కు ఉన్నట్టు. కొత్త బ్లేడైనా సరే పక్కన పడేయండి. ఆ తర్వాత రెండు మూలలనూ సానరాయి మీద ఒకట్రెండుసార్లు రుద్ది కొంచెం గుండ్రంగా చేసుకోండి. ఇంత చిన్న పనికి చాలా గీతలు ఆగుతాయి.

గీకేటప్పుడు చెయ్యి పైనుంచి కిందికి వెళ్లాలి. బ్లేడును అద్దానికి 30, 40 డిగ్రీల వాలులో ఆనించి, అంచు మొత్తం గాజును తాకేలా ముందుకు తోయండి. అడ్డంగా లాగొద్దు. ఒత్తిడి వేళ్లదే చాలు, భుజం బలం అక్కర్లేదు. సరిగ్గా పట్టుకుంటే సన్నగా సర్‌ర్‌మని చప్పుడొస్తూ చుక్క మొత్తం ఒక్క రేకులా లేచి నీళ్లలో తేలుతుంది. కిర్రుమని వినిపించిందంటే అక్కడే ఆపి, బ్లేడు తీసి కడగండి. మధ్యలో ఏదో రేణువు ఇరుక్కుంది.

అసలు శత్రువు ఆ రేణువే. మామూలు గాజు గట్టిదనం మోహ్స్ స్కేలు మీద సుమారు 5.5, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. ఇసుక గాజును గీస్తుంది, గాజు ఇసుకను గీయలేదు. మీది సన్న ఇసుక కాబట్టి ఇంకా జాగ్రత్త. ఇసుకమట్టానికి రెండు అంగుళాల పైనే ఆపేసి, ఆ కింది భాగాన్ని కార్డుతో పైవైపుకు గీకండి. మ్యాగ్నెట్ క్లీనర్‌కీ ఇదే జాగ్రత్త. దాని లోపలి ముక్క ఇసుక మీద పడితే తీసి కుళాయి కింద కడగకుండా మళ్లీ అద్దానికి పెట్టొద్దు.

సిలికాన్ గురించి మీ భయం సరైనదే. మూలల్లో అంగుళం మేర స్టీలు బ్లేడు పోనివ్వకండి. ఆ అంగుళానికి కార్డో, ప్లాస్టిక్ బ్లేడో. సిలికాన్ మీదే పట్టిన పాచికి మెత్తటి టూత్ బ్రష్ చాలు. లోపలి అంచు సిలికాన్ కొంచెం చిరిగితే వెంటనే కారదు. అసలు బలం రెండు గాజుల మధ్య ఉన్న పొరది. కానీ ఆ చిరుగులోకి పాచి దూరి మెల్లగా అంచును లేపుతుంది. ఆ స్థితికి వచ్చిన ట్యాంకులే నా దగ్గరికి వస్తాయి.

ఎవరిదైనా గాజు కాకుండా యాక్రిలిక్ (ప్లాస్టిక్) ట్యాంకైతే పైన రాసింది వర్తించదు. దానికి స్టీలు తగలనే కూడదు.

చేతులు నీళ్లలో పెట్టేముందు హీటరు, లైటు ప్లగ్గులు తీసేయండి.

---

గుంటూరు_గౌరామి:

చాలా థాంక్సండీ, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. ఫోనుతో చూశాను, మీరన్నట్టే అంచు తినేసి ఉంది. రెండు సందేహాలు. ఇంట్లో గడ్డం గీసుకునే స్టెయిన్‌లెస్ బ్లేడ్లు డబ్బా నిండా ఉన్నాయి, అవి వాడకూడదా? ఒక బ్లేడు ఎన్నిసార్లు వస్తుంది?

---

సిలికాన్_చెయ్యి:

ఆ రెండువైపులా పదునుండే బ్లేడు మందం 0.1 మిల్లీమీటరే. రేజరులో వంచి బిగించడం కోసం చేసింది. విడిగా పట్టుకుంటే చుక్క తగలగానే వంగిపోతుంది, వేళ్లూ తెగుతాయి. చిన్న గిన్నె ట్యాంకులో ఒకటి రెండు చుక్కలకైతే సరే, మూడడుగుల అద్దానికి వద్దు. మీ తమ్ముడు చెప్పిన కట్టర్ బ్లేడు గట్టిగానే ఉంటుంది, కానీ ఎక్కువగా కార్బన్ స్టీలే, పైగా ముక్కలుగా విరగడానికి గాట్లు పెట్టి ఉంటారు. నీళ్లలో విరిగి ఇసుకలో పడితే వెతకడం నరకం.

ఎన్నిసార్లని లెక్క పెట్టుకోవద్దు. ప్రతిసారీ కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరాక మూత డబ్బాలో పెట్టండి. తడిగా హోల్డర్‌లోనే వదిలేస్తే స్టెయిన్‌లెస్‌కి కూడా మచ్చ పడుతుంది. వాడేముందు దూది పరీక్ష చేయండి. పోగు చిక్కితే ఆ బ్లేడు పని అయిపోయినట్టే. బ్లేడు ఖర్చెంత, అద్దం ఖర్చెంత? మార్చడానికి వెనకాడొద్దు.

---

వైజాగ్_జావాఫెర్న్:

సిలికాన్ అన్న చెప్పినవి ప్రింటు తీసి ట్యాంకు పక్కన అంటించుకోవాల్సినవి. నేను ఆ చుక్కలు మళ్లీ ఎందుకొస్తాయో చెప్తాను. గీకడం ఎంత బాగా నేర్చుకున్నా, కారణం అలాగే ఉంటే నెల తిరిగేసరికి మళ్లీ అదే పని.

గౌరామి గారూ, పది గంటల లైటు మీ ట్యాంకుకు ఎక్కువ. అనుబియాస్, జావా ఫెర్న్ నెమ్మదిగా పెరిగే మొక్కలు, కార్బన్ డయాక్సైడ్ కూడా ఇవ్వట్లేదు. అంత వెలుతురును అవి వాడుకోలేవు, మిగిలింది నాచుకే. ఒక టైమరు కొని ఆరేడు గంటలకు తగ్గించండి. కిటికీ ఎండ నేరుగా పడుతుంటే కర్టెన్ వేయండి. అనుబియాస్ ముదురు ఆకుల మీద కూడా ఇవే చుక్కలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఇది వెలుతురు వల్లేనని ఇంకా నమ్మకంగా చెప్పొచ్చు.

రెండోది ఫాస్ఫేట్, నీళ్లలో మొక్కలు తీసుకునే ఒక పోషకం. నాచనగానే ఫాస్ఫేట్ ఎక్కువైందని అందరూ తగ్గించడానికి చూస్తారు. గ్రీన్ స్పాట్ విషయంలో మొక్కల ట్యాంకులు పెంచేవాళ్ల అనుభవం దీనికి విరుద్ధం. ఫాస్ఫేట్ మరీ తక్కువైన ట్యాంకుల్లోనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ముందు టెస్ట్ కిట్‌తో కొలవండి. దాదాపు సున్నా వస్తేనే వేయాలి. మీది గుంటూరు కదా, మిర్చి రైతులకు అమ్మే 0-52-34 ఎరువు ఏ ఎరువుల షాపులోనైనా దొరుకుతుంది. అది మోనో పొటాషియం ఫాస్ఫేటే. 10 గ్రాములు అర లీటరు ఆర్‌వో నీళ్లలో కలిపి సీసాలో పెట్టుకోండి. మీ ట్యాంకులో ఇసుక పోగా 130 లీటర్ల నీళ్లు ఉంటాయనుకుంటే, ఆ సీసాలోంచి 10 మిల్లీలీటర్లు వేస్తే లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము ఫాస్ఫేట్ పెరుగుతుంది. నీళ్లు మార్చిన రోజు 5 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి వారం చూసి మళ్లీ కొలవండి. సీసా మీద పేరు రాసి పిల్లలకు అందకుండా పెట్టండి.

ఇక జీవాలంటారా, నెరైట్ నత్తలు ఈ చుక్కల్ని నిజంగా తింటాయి. కానీ తెల్లటి గుడ్లు గాజుకు అంటిస్తాయి. మంచినీళ్లలో వాటి పిల్లలు బతకవు, కానీ ఆ గుడ్లు ఊడవు కూడా, వాటికి మళ్లీ ఇదే బ్లేడు కావాలి.

ఆస్కార్ బ్రదర్, సక్కర్ ఫిష్ సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి. చిన్నప్పుడు కాస్త నాచు నాకుతుంది, పెరిగాక మేత గుళికలకు మరుగుతుంది. అడుగు దాటి పెరిగే చేపకు మూడడుగుల ట్యాంకు చాలదు. చివరికి జనం ఏం చేస్తున్నారు? తీసుకెళ్లి చెరువులో, కాలవలో వదిలేస్తున్నారు. దక్షిణ అమెరికా చేప అది. మన కృష్ణా నదిలోనూ, చేపల చెరువుల్లోనూ పెరిగిపోయి, ఒంటి మీది ముళ్లతో జాలర్ల వలలు చింపుతోంది. దాన్ని దెయ్యం చేప అంటున్నారంటే వాళ్లెంత విసిగిపోయారో ఆలోచించండి.

---

కూకట్‌పల్లి_ఆస్కార్:

చెరువుల సంగతి తెలియదు మేడమ్. చెప్పినందుకు థాంక్స్, ఇంకెవరికీ ఆ సలహా ఇవ్వను.

---

గుంటూరు_గౌరామి:

స్టెయిన్‌లెస్ బ్లేడ్లు దొరికాయి! మూలలు రుద్ది, దూదితో చూసుకుని మొదలుపెట్టాను. ముందు అద్దం సగం అయింది. చుక్కలు నిజంగానే రేకుల్లా లేస్తున్నాయి. లైటుకు టైమరు పెట్టేశాను, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఏడు దాకా. ఫాస్ఫేట్ కిట్ ఆర్డరు పెట్టాను. గీకిన ముక్కలు నీళ్లలో తేలుతున్నాయి, చేపలకు ఏమైనా అవుతుందా? తెల్ల చారకు ఏం చేయాలో కూడా చెప్పండి.

---

సిలికాన్_చెయ్యి:

మంచి పని చేశారు. మిగతా సగం రేపు చేసుకోండి, చెయ్యి అలిసినప్పుడే బ్లేడు ఒరుగుతుంది. తేలే ముక్కలతో చేపలకేం కాదు. ఫిల్టరు నడవనివ్వండి, కొన్ని అది లాగేస్తుంది. మిగతావి సైఫన్‌తో (నీళ్లు బయటికి లాగే గొట్టం) తీస్తూ మూడో వంతు నీళ్లు మార్చండి. ఫిల్టరు స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండండి, కుళాయి నీళ్లలో వద్దు.

తెల్ల చార బోరు నీళ్లలోని కాల్షియం కార్బొనేట్, అదే సున్నం. దాన్ని బ్లేడుతో మొదలుపెట్టొద్దు, ముందు నానబెట్టాలి. నీళ్లు మార్చేటప్పుడు మట్టం చారకు నాలుగు వేళ్ల కిందికి దిగుతుంది కదా, అప్పుడు టిష్యూను వెనిగర్‌లో తడిపి, కారకుండా పిండి చార మీద అంటించండి. కిరాణా షాపులో దొరికే మామూలు తెల్ల వెనిగరే. అరగంట ఆగండి. సన్నగా నురగ వస్తే సున్నం కరుగుతోందన్నమాట. టిష్యూ తీసేసి తడిగుడ్డతో రెండుమూడుసార్లు తుడిచాక, మిగిలినదాన్ని అదే బ్లేడుతో అదే వాలులో గీకండి. మందంగా ఉంటే మళ్లీ ఒకసారి నానబెట్టాలి. వెనిగర్ చుక్కలు నీళ్లలో పడకుండా చూసుకోండి. ఇకమీదట ట్యాంకులో నీళ్లు తగ్గినప్పుడు ఆర్‌వో నీళ్లతో నింపితే చార ఇంత తొందరగా కట్టదు, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, సున్నం లోపలే మిగులుతుంది. వారానికోసారి మార్చే నీళ్లు మాత్రం బోరువే పోయండి.

పాత తుప్పు బ్లేడ్లను చెత్తబుట్టలో విడిగా వేయకండి. అట్టముక్కలో పెట్టి టేపు చుట్టి, పైన బ్లేడు అని రాసి వేయండి. చెత్త తీసేవాళ్లు ఉత్త చేతులతో ఏరుతారు.