మెథడోన్ చికిత్సలో ఉన్నవారి పరీక్షలో గంజాయి కనిపిస్తే మందు ఆపవచ్చా?

తీరం:
మా తమ్ముడు హెరాయిన్ వ్యసనానికి మెథడోన్ (హెరాయిన్‌కు బదులుగా వైద్యులు రోజూ ఇచ్చే మందు) చికిత్స తీసుకుంటున్నాడు. మందు కుదిరిన తరువాత చేసిన మూత్ర పరీక్షల్లో ఎక్కడా హెరాయిన్ జాడ లేదు, గంజాయి మాత్రం వరుసగా కనిపిస్తోంది. దాంతో క్లినిక్ వారు ఇంటికి ఇచ్చే డోసులు ఆపేసి, రోజూ వచ్చి నర్సు ఎదుటే తాగాలన్నారు. మళ్లీ కనిపిస్తే చికిత్స నుంచే తొలగిస్తామని హెచ్చరించారు. రాత్రిళ్లు నిద్ర పట్టక పీలుస్తున్నానని అతడు దాచకుండానే చెప్పాడు. ఈ తొలగింపు న్యాయమేనా?

నిలకడ:
వ్యసన చికిత్సలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఇంటికి మెథడోన్ ఇవ్వడమంటే, అలవాటు లేని పిల్లవాడు పొరపాటున తాగితే ఒక్క మోతాదుతోనే ప్రాణం పోగల మందును ఆ మనిషి మీద నమ్మకంతో పంపడం. మగత కలిగించే మందుకు గంజాయి మత్తు తోడైతే ఆ నమ్మకం సడలక తప్పదు. పైగా గంజాయి దొరికే చోటే పాత స్నేహాలూ ఎదురవుతాయి, అక్కడి నుంచి హెరాయిన్‌కు ఎంతో దూరం ఉండదు. ఫలితం ఏదైనా ఏమీ జరగదని తెలిస్తే పరీక్షకు అర్థమే పోతుంది.

చెలిమె:
నిలకడ గారూ, ఇంటికిచ్చే డోసుల విషయంలో మీ జాగ్రత్తను వైద్యుడిగా నేను కాదనను. చికిత్స నుంచి తొలగించడం మాత్రం పూర్తిగా వేరే సంగతి. మెథడోన్ ఆగిన కొద్ది రోజుల్లోనే శరీరానికి ఓపియాయిడ్లను (హెరాయిన్, మెథడోన్ వంటి నల్లమందు తరహా పదార్థాలను) తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, ఆ స్థితిలో పాత మోతాదుకు తిరిగి వెళ్లినవారి ఊపిరి ఆగిపోవచ్చు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష ప్రకారం, మెథడోన్ తీసుకుంటున్నవారిలో ఏడాదికి వెయ్యిమందికి సుమారు 11 మరణాలు ఉంటే, చికిత్స వదిలినవారిలో అవి సుమారు 36. గంజాయి పీల్చినందుకు మనిషిని మొదటి వరుసలోంచి రెండో వరుసలోకి నెట్టడాన్ని నేను వైద్యం అనలేను. అమెరికన్ సొసైటీ ఆఫ్ అడిక్షన్ మెడిసిన్ 2020లో సవరించిన మార్గదర్శకాలు కూడా, గంజాయి వాడకాన్ని కారణంగా చూపి ఓపియాయిడ్ చికిత్సను నిరాకరించరాదనీ, నిలిపివేయరాదనీ స్పష్టంగా చెబుతున్నాయి.

ఇక పరీక్ష సంగతి. మూత్రం అప్పటికప్పుడు ఇచ్చినదేనా అని తెలుసుకోవడానికి కప్పుకు అతికించిన పట్టీ 32 నుంచి 38 డిగ్రీల వేడి చూపిందా, మూత్రంలో నీళ్లు కలిశాయా అని ఎంత శ్రద్ధగా చూసినా, ఆ కప్పు చెప్పగలిగేది కొంతే. గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ కొవ్వులో నిల్వ ఉండి మెల్లగా బయటికి వస్తుంది కాబట్టి, రోజూ పీల్చినవారు మానేసిన నెల తరువాత కూడా పాజిటివ్ రావచ్చు. ఆ మనిషి నిన్న మత్తులో ఉన్నాడో లేదో దాన్నిబట్టి తేలదు. మరోవైపు, ప్రాణాలు తీస్తున్న ఫెంటనిల్ అనే కృత్రిమ ఓపియాయిడ్‌ను, హెరాయిన్ జాడ కోసం చేసే మామూలు ఓపియేట్ పరీక్ష పట్టుకోదు, దానికి విడిగా పరీక్ష చేయాలి. వెతకవలసినదాన్ని వదిలేసి, తేలిగ్గా దొరికేదానికి శిక్ష వేయడం నాకు బాధ కలిగిస్తుంది.

నిలకడ:
తొలగింపు వద్దన్న మీ మాటకు ఒప్పుకుంటాను. అయితే గంజాయి ఓపియాయిడ్లకు విరుగుడు అన్న ప్రచారాన్ని ఎవరూ నమ్మవద్దని మనవి. గంజాయిని వైద్యానికి అనుమతించిన అమెరికా రాష్ట్రాల్లో ఓపియాయిడ్ మరణాలు దాదాపు 25 శాతం తక్కువగా ఉన్నాయని 2014లో ఒక అధ్యయనం వచ్చింది. అదే లెక్కను 2017 వరకు పొడిగించి 2019లో మరికొందరు పరిశోధకులు చూస్తే, ఆ రాష్ట్రాల్లో మరణాలు సుమారు 23 శాతం ఎక్కువని తేలింది.

చెలిమె:
నిజమే, విరుగుడని నేనూ అనను. రాష్ట్రాల సగటులనుబట్టి ఒక రోగి గురించి ఏ తీర్పూ చెప్పలేము. గంజాయి వాడకాన్ని కూడా చికిత్స చేయవలసిన సమస్యగానే చూడాలని నా వాదన, గెంటివేతకు సాకుగా కాదు.

తీరం:
హెచ్చరిక తరువాత పూర్తిగా మానేశానని తమ్ముడు అంటున్నాడు, పరీక్ష మాత్రం ఇంకా పాజిటివ్ వస్తోంది. మేమేం చేయాలి?

చెలిమె:
పాజిటివ్, నెగటివ్ అన్న మాటతో సరిపెట్టకుండా, ప్రయోగశాలలో టీహెచ్‌సీ పరిమాణాన్ని కొలిచి, మూత్రం ఎంత పలచగా ఉందో చూపే క్రియాటినిన్‌తో పోల్చి చూడమని రాతపూర్వకంగా అడగండి. వరుస పరీక్షల్లో ఆ నిష్పత్తి తగ్గుతూ పోతే, కొత్తగా పీల్చలేదనీ పాత నిల్వే బయటికి వస్తోందనీ చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. అంతకన్నా ముఖ్యంగా, నిద్ర ఎందుకు పట్టడం లేదో అడిగి తెలుసుకోండి. తెల్లవారుజామున చెమటలు, ఒళ్లు నొప్పులు, కాళ్లలో అలజడి ఉంటే మెథడోన్ మోతాదు మరుసటి ఉదయం దాకా సరిపోవడం లేదేమో. అదే నిజమైతే అతనికి కావలసింది శిక్ష కాదు, డోసు పెంపు. ఈ లక్షణాలను ఏ వేళకు వస్తున్నాయో రాసుకుని వైద్యుడికి చూపించమనండి. ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు విరుగుడుగా ఇచ్చే నలాక్సోన్ కూడా ఇంట్లో ఉంచుకోండి.