ఆస్పత్రిలో చేరిన ప్రతి టీనేజరునీ మత్తు అలవాట్ల గురించి అడగాలా?

పిల్లల వార్డు డాక్టరు, కాకినాడ: ఏ జబ్బుతో చేరినా 12 నుంచి 18 ఏళ్ల వాళ్లందరినీ అడగాలనే అంటానండి. అనుమానం ఉన్నవాళ్లనే అడుగుదామంటే జుట్టు పెంచినవాడే దొరుకుతాడు, ట్యూషన్‌కి వెళ్లే బుద్ధిమంతుడు తప్పించుకుంటాడు. టీనేజర్ల మత్తు అలవాట్లు కనిపెట్టే ‘క్రాఫ్ట్’ (CRAFFT) ప్రశ్నలు చాలు. గత 12 నెలల్లో తాగింది ఎన్ని రోజులు, గంజాయి ఎన్ని రోజులు, ఇంకేమైనా ఎన్ని రోజులు? అన్నీ సున్నా అయితే బండి ప్రశ్న ఒక్కటే మిగులుతుంది: మత్తులో ఉన్నవాడు నడిపే బండెక్కావా, నువ్వే నడిపావా? ఏ ఒక్కటి ఉన్నా బండి ప్రశ్నతో కలిపి క్రాఫ్ట్‌లోని ఆరు అవును-కాదు ప్రశ్నలూ అడగాలి. ఆ ఆరింట్లో రెండు ‘అవును’లొస్తే కూర్చుని మాట్లాడాల్సిందే.

ఒక తండ్రి, భీమవరం: పిల్లలు నిజం చెబుతారాండీ? యూరిన్ కిట్టు పెడితే పోదా?

ల్యాబ్ టెక్నీషియన్, రాజమండ్రి: కిట్టుని అంత నమ్మకండి. స్ట్రిప్పు మీద గీత పడకపోతేనే పాజిటివ్, లేతగా పడినా నెగెటివే. కంగారులో తిరగేసి రాసేవాళ్లున్నారు. ఫిట్స్‌కి మిడజోలాం ఇచ్చాక పట్టిన యూరిన్‌లో బెంజో (మిడజోలాం లాంటి నిద్రమందుల జాతి) పాజిటివ్ రావచ్చు, అది మనమిచ్చిందే! కొడీన్ ఉన్న దగ్గు టానిక్కు తాగినా, కోడికూరలో గసగసాలు దండిగా పడినా ఓపియేట్ (నల్లమందు జాతి) గీత పోవచ్చు. మత్తు కోసం వాడే నొప్పిమాత్ర ట్రమడాల్ మామూలు ఓపియేట్ స్ట్రిప్పుకి అందదు. పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్ అసలు కిట్టులోనే లేవు. 2019లో కేంద్రం విడుదల చేసిన మత్తు వాడకం సర్వేలో పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువ కనిపించినవి ఈ పీల్చేవే: 10–17 ఏళ్లవాళ్లలో 1.17 శాతం, పెద్దల్లో 0.58.

స్టాఫ్ నర్సు, అమలాపురం: అడగడం సరే సార్, ఎక్కడ అడుగుతారు? మంచానికీ మంచానికీ మధ్య కర్టెన్ ఉండదు. వాడు నోరు తెరిచేలోపే ‘మావాడికి అలాంటివి లేవండి’ అంటుంది తల్లి. డ్రెస్సింగ్ రూముకి తీసుకెళ్లినప్పుడు ఒంటరిగా అడగాలి. ‘మందు తాగుతావా’ అంటే లేదంటాడు, కల్లుని మందు కింద లెక్కెయ్యడు మరి. కల్లు, బీరు, ఖైనీ, సొల్యూషన్ అని పేరుపేరునా అడగాలి. రాసిన కేస్ షీటు మంచం దగ్గరే ఉంటుంది, బాబాయి చదివేస్తాడు. ఇవి తేలేదాకా యాక్సిడెంట్, ఫిట్స్, పురుగుమందు కేసుల్ని మాత్రమే అడిగి సరిపెట్టుకోవాలి.

పిల్లల వార్డు డాక్టరు: షీటు మాట నిజమేనమ్మా, జవాబులు వేరే కాగితం మీద రాసి లోపల పెట్టాలి. ‘నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటేనే ఇంట్లో చెబుతాం’ అని అడిగే ముందే చెప్పాలి. కానీ అపెండిక్స్ కుర్రాణ్ణి వదిలేస్తే ఎలా? రోజూ గట్టిగా తాగేవాడికి ఆపిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. అంటే ఆపరేషన్ అయిన మర్నాడే. పిల్లల్లో అరుదే, ఒప్పుకుంటాను. అయినా ఆపరేషన్‌కి మత్తిచ్చే డాక్టరుకి ముందే తెలియాలి.

ఒక తండ్రి: పోలీసులదాకా వెళ్తుందా?

పిల్లల వార్డు డాక్టరు: యాక్సిడెంట్‌కి ఎమ్మెల్సీ (పోలీసులకి తెలిపే మెడికో లీగల్ కేసు) ఎలాగూ ఉంటుంది. చికిత్స కోసం అడిగిన జవాబుల్ని అందులో కలపకూడదు.

స్టాఫ్ నర్సు: రెండు ‘అవును’లొచ్చినవాణ్ణి ఎవరి దగ్గరకి పంపాలో కూడా రాయండి సార్. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 నంబరు కాగితం మీద రాసిచ్చి డిశ్చార్జి చేస్తే వాడు ఫోన్ చెయ్యడు. వార్డులో ఉండగానే మానసిక వైద్యులు ఒకసారి చూడాలి, మళ్లీ రావాల్సిన తేదీ డిశ్చార్జి కార్డు మీద ఉండాలి. ఆ ఏర్పాటుంటే అందరినీ అడగడానికి నాకూ అభ్యంతరం లేదు.